56 అక్షరాల అడ్రసు ఎట్ల చెప్పాలె?

ప్రశ్న: మాది నల్లగొండ. చిన్న న్యూస్ వెబ్‌సైటు నడుపుతున్నం. పేరు బయటపడకుండ సమాచారం పంపెటోళ్ల కోసం ఎవరు చూస్తున్నరో బయటపడనియ్యని టార్ నెట్‌వర్కుల, అండ్లనే తెరుచుకునే ఆనియన్ అడ్రసు పెట్టినం. దేవరకొండ, మునుగోడు దిక్కు నుంచి ఫోన్ చేసి అడ్రసు చెప్పుమంటరు. 56 అక్షరాలు చెప్పెటాల్లకు సగంల తప్పు పడుతది. మా పేరుతోని మొదలయ్యే అడ్రసు తయారు చేసుకోవచ్చంట గదా?

జవాబు: చేసుకోవచ్చు, కానీ ఐదారు అక్షరాలకు మించి ఆశ పెట్టుకోకండి. అది ఎవరో పెట్టిన పేరు కాదు. మీ సర్వీసు పబ్లిక్ కీ (అందరికీ కనిపించే గుర్తింపు సంఖ్య) 32 బైట్లు, తప్పు పట్టే చెక్‌సమ్ 2, వెర్షన్ నంబరు 1 కలిపి అక్షరాల్లో రాస్తే ఆ 56 అక్షరాలు. ఎంకేపీ224ఓ అనే ప్రోగ్రాము కోరిన అక్షరాలు తగిలేదాకా కొత్త కీలు పుట్టిస్తూ పోతుంది. ఒక్క అక్షరం పెంచితే పని 32 రెట్లు: ఐదింటికి సగటున దాదాపు 3.4 కోట్ల కీలు, ఆరింటికి 107 కోట్లు, ఏడింటికి 3,400 కోట్లకు పైనే. 0, 1, 8, 9 అంకెలు అడగొద్దు, ఈ అడ్రసుల్లో అవి రావు. ఆ ప్రోగ్రాము తయారుచేసిన కీల ఫోల్డరుకు ఓనర్‌గా టార్ యూజరును (సర్వరులో టార్ నడిచే ఖాతా) పెట్టి, పర్మిషన్ 700 (ఓనర్ తప్ప ఇంకెవరూ తెరవలేని సెట్టింగు) చేయాలి. లేకుంటే టార్ స్టార్ట్ కాదు.

అయితే ఆ మొదటి ఐదు అక్షరాలు మోసగాడికీ దొరుకుతాయి. జనం మొదలు చూసి సరేననుకుంటారు. అందుకే ఈ సోకు మాకు అంతగా నచ్చదు.

ఫోన్‌లో అడిగినవాళ్లకు ఇంతే చెప్పండి: టార్ బ్రౌజర్ తెరిచి, మా మామూలు సైటు పేరు కొట్టండి, మొదటి పేజీలో ఉన్న ఆనియన్ లింకు నొక్కండి. కంప్యూటరులో వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. సర్వరు పంపే హెడర్లలో (పేజీతో పాటు బ్రౌజర్‌కు వెళ్లే, తెర మీద కనిపించని వివరాలు) 'ఆనియన్-లొకేషన్' చేర్చి మీ అడ్రసు ఇస్తే, అడ్రస్ బార్‌లో ఊదారంగు బటన్ వస్తుంది. 2020లో వచ్చిన టార్ బ్రౌజర్ 9.5 నుంచి ఇది ఉంది. మామూలు సైటుకు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) లేకపోతే బ్రౌజర్ ఆ హెడర్‌ను పట్టించుకోదు.

కాగితం మీద క్యూఆర్ కోడ్ ఇచ్చేటట్టయితే అడ్రసు మొత్తం పెద్దక్షరాల్లో ఇచ్చి చేయండి. గళ్లు తగ్గి, చిన్న ప్రింటులోనూ స్కాన్ అవుతుంది. పెద్దక్షరాలైనా అడ్రసు మారదు.

ప్రశ్న: వాట్సాప్‌లో ఆనియన్ లింకు పంపితే తెరుచుకోవడం లేదు. చిన్న లింకుగా మార్చి పంపొచ్చా? (మహబూబ్‌నగర్)

జవాబు: వద్దు. నొక్కగానే అది క్రోమ్‌లోకి పోతుంది, ఎవరు నొక్కారో ఆ చిన్న లింకు కంపెనీకి ఐపీ అడ్రసుతో సహా తెలుస్తుంది. లింకును కాపీ చేసి టార్ బ్రౌజర్‌లో పేస్ట్ చేయమనండి. ఒకసారి తెరుచుకున్నాక బుక్‌మార్క్ చేసుకుంటే చాలు. ఇంటర్నెట్ సెంటర్‌లో, ఇంట్లో నలుగురూ వాడే ఫోన్‌లో మాత్రం బుక్‌మార్క్ పెట్టొద్దు. టార్ బ్రౌజర్ మూసేసినా అది చెరిగిపోదు.