ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. ఊరికి ఆనుకుని సున్నపురాయి గని వస్తుందట. ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడుతున్నామని కాలుష్య నియంత్రణ మండలి పేపర్లో నోటీసు ఇచ్చింది. సభకు వెళ్లి సంతకం పెడితే గనికి ఒప్పుకున్నట్టేనని కొందరు, ఎవరూ వెళ్లకపోతే సభే రద్దవుతుందని ఇంకొందరు అంటున్నారు. నివేదిక ఇంగ్లిష్‌లో వందల పేజీలు ఉందట. నాకు మూడెకరాల మిర్చి, ఒక బోరు ఉన్నాయి. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు అభ్యంతరం రాసి పంపొచ్చా? అసలు మా మాట ఎవరైనా వింటారా? టెన్షన్‌గా ఉంది. – ఒక రైతు

జవాబు: ముందు సంతకం సంగతి. సభ దగ్గర పెట్టించుకునేది హాజరు సంతకం. ఎవరెవరు వచ్చారో రాసుకుని ఆ జాబితాను సభ నివేదికకు జతచేయాలని నిబంధన ఉంది కాబట్టి తీసుకుంటారు. దానివల్ల మీరు గనికి ఒప్పుకున్నట్టు కాదు, వద్దన్నట్టూ కాదు. అయితే సంతకం పెట్టే ముందు కాగితం పైన ఏం రాసి ఉందో చదవండి. ఖాళీ తెల్లకాగితం మీద, లేదా పైన మడిచిపెట్టిన కాగితం మీద ఎవరడిగినా సంతకం చేయొద్దు. సభకు ముందు ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించేవాళ్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. హాజరు పట్టీ సభ జరిగే చోటే ఉంటుంది, మీ అరుగు మీదికి రాదు.

ఎవరూ వెళ్లకపోతే సభ రద్దవుతుందన్న మాట పూర్తిగా తప్పు. ఈ సభలు కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబర్ 14న ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం జరుగుతాయి. సభ మొదలుపెట్టడానికి కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క, అక్కర్లేదని అందులో సూటిగానే రాశారు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. మీరు బహిష్కరిస్తే పైకి వెళ్లే కాగితంలో ‘ప్రజల నుంచి అభ్యంతరాలు రాలేదు’ అన్న వాక్యం మిగులుతుంది. కుర్చీలు విసిరి సభను ఆపేస్తే ఇంకా నష్టం. జనం స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే పరిస్థితి ఊళ్లో లేదని అధికారులు నివేదిస్తే, సభ లేకుండానే ముందుకు వెళ్లొచ్చని నిర్ణయించే వీలు అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఆవేశం వచ్చే సందర్భమేనని నాకు తెలుసు. కానీ ఆ వీలును మీ చేతులతో మీరే వాళ్లకు ఇవ్వకండి.

ఇప్పుడు నోటీసు ఎలా చదవాలో చూద్దాం. పేపర్ కటింగ్ దాచి పెట్టారా? దాని మీద తేదీ ఉన్న పేజీ భాగం కూడా ఉండాలి. నోటీసు వచ్చిన రోజుకూ సభ రోజుకూ మధ్య కనీసం 30 రోజుల గడువు ఉండాలి. అది ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక తెలుగు దినపత్రికలోనూ రావాలి. పేపర్లు చేరని చోట డప్పు చాటింపు వేయించో, రేడియోలో చెప్పించో తెలియజేయాలని కూడా నిబంధన ఉంది. సభ ప్రాజెక్టు స్థలంలోనో దానికి దగ్గర్లోనో జరగాలి. ఒకసారి ప్రకటించాక తేదీ, సమయం, చోటు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అనుకోని అత్యవసర పరిస్థితి వస్తేనే, అదీ కలెక్టర్ సిఫారసు మీదే, మార్చాలి. మార్చిన సంగతిని మళ్లీ అవే పత్రికల్లో ప్రకటించాలి. వీటిలో ఏది తప్పినా మీ అభ్యంతరంలో మొదటి పేరా అదే కావాలి. ‘29 రోజులే ఇచ్చారు’ అని సభ కాకముందే రాతపూర్వకంగా చెప్పినవాడి మాటకు తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్లో ఉండే బలం వేరు.

నివేదిక చదవడానికి ఎక్కడ దొరుకుతుందో నోటీసులోనే ఉండాలి. కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముసాయిదా ఈఐఏ నివేదిక ప్రతిని సభ అయ్యేదాకా ఆఫీసు వేళల్లో ప్రజలకు చూపించాలి. సారాంశం తెలుగులో ఉండి తీరాలి. తెలుగు సారాంశం లేదంటే, ఉన్నా గూగుల్ అనువాదంలా అర్థం కాకుండా ఉంటే, అది కూడా అభ్యంతరమే. ‘సార్ లేరు, రేపు రండి’ అన్నారనుకోండి. ఏ ఆఫీసు, ఏ రోజు, ఎన్ని గంటలకు అడిగారో రాసి అక్కడే తపాలా సెక్షన్లో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. గోవా గనులకు సంబంధించిన ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. ప్రజలు చెప్పిన అభ్యంతరాలను, అనుమతి ఇవ్వాలో వద్దో సిఫారసు చేసే నిపుణుల కమిటీ ఒక్కొక్కటీ పరిశీలించాలి, వాటిని ఎందుకు ఒప్పుకుందో ఎందుకు తోసిపుచ్చిందో కారణాలు రాయాలి అని ఆ తీర్పు చెబుతోంది.

వందల పేజీలు చూసి భయపడకండి. మొత్తం చదవక్కర్లేదు. మీ అబ్బాయి చేత మూడు చోట్ల వెతికించండి. ఒకటి, భూమి వినియోగం పట్టిక: గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఏం భూములున్నాయని రాశారో చూడండి. మీ మిర్చి పొలాలను బీడు కిందో, రాళ్ల భూమి కిందో వేసి ఉంటే దొరికిపోయినట్టే. రెండు, నీళ్ల అధ్యాయం: మీ ఊళ్లో బోర్లు, బావులు, చెరువు, వాగు లెక్కలో ఉన్నాయా, నీటిమట్టం ఏ నెలలో కొలిచారు? వానలు తగ్గిన వెంటనే కొలిచినదానికీ ఎండాకాలంలో కొలిచినదానికీ చాలా తేడా ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కొలతలు మూడేళ్లకు మించి పాతవై ఉండకూడదు కూడా. మూడు, బ్లాస్టింగ్: పేలుళ్లు జరిగే చోటు నుంచి ఇళ్లకు, బడికి ఎంత దూరం అని రాశారో చూసి, ఫోన్‌లో మ్యాప్ పెట్టి మీరే కొలవండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, శ్రీకాకుళం జిల్లా సోంపేట గుర్తుందా? అక్కడ థర్మల్ కేంద్రం కోసం ఇచ్చిన స్థలం పనికిరాని భూమి అన్నట్టు కాగితాల్లో చూపించారు. జనం మాత్రం అది బీల అనీ, ఏడాదంతా నీళ్లుండే చిత్తడి నేల అనీ, చేపలూ సాగూ దాని మీదేననీ చెబుతూ వచ్చారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అథారిటీ దగ్గర నిలిచిన వాదన ఆ నేల స్వభావం గురించినదే. ఊరివాళ్ల కంటికి కనిపించేది కాగితంలో తప్పుగా ఉంటే, దాన్ని పట్టుకోగలిగేది కూడా ఊరివాళ్లే.

కాబట్టి మీ అభ్యంతరం ‘మాకు గని వద్దు, మా బతుకులు పోతాయి’ అని మాత్రమే ఉంటే చాలదు. బాధ నిజమే, కానీ దానికి జవాబుగా కంపెనీవాళ్లు ‘తగిన చర్యలు తీసుకుంటాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఇలా రాయండి: ‘ఫలానా సర్వే నంబరులో నాకు మూడెకరాల మిర్చి తోట ఉంది. నా బోరు ఇన్ని అడుగుల లోతు, గని సరిహద్దుకు ఇన్ని మీటర్ల దూరం. నివేదికలో ఫలానా పేజీలోని బావుల పట్టికలో ఇది లేదు. గని తవ్వకం ఈ బోరు నీటిమట్టం కంటే లోతుకు వెళ్తుందా? వెళ్తే నా నీటికి ఎవరు బాధ్యత? మిర్చి ఆరబెట్టే రోజుల్లో కాయల మీద దుమ్ము పడకుండా ఏం చేస్తారు?’ ఇలాంటి ప్రశ్నకు దులపరింపు జవాబు ఇస్తే అది దులపరింపేనని చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది. పాస్‌బుక్ నకలు, బోరు ఫొటో జతచేయండి. ఊరంతా ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసి సంతకాలు పెట్టడం కన్నా, పదిమంది పది రకాల వివరాలు రాస్తే మేలు. ఇది ఓట్ల లెక్కింపు కాదు గనుక తలల సంఖ్యకు ఇక్కడ అంత విలువ లేదు.

సభలో అధ్యక్షత వహించేది కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి గానీ. మన దగ్గర తరచూ జాయింట్ కలెక్టర్ వస్తారు. ఆయన గనికి అనుమతి ఇవ్వడు, ఆపడు. ఆయన పని మీ మాటలు నమోదు చేయించి పంపడం. నిర్ణయం ప్రాజెక్టు స్థాయిని బట్టి కేంద్ర పర్యావరణ శాఖదో, రాష్ట్ర స్థాయి అథారిటీదో. అందుకే వేదిక మీద ఉన్న అధికారిని తిట్టి ప్రయోజనం లేదు. ముందు కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించి చెబుతాడు. తర్వాత హాజరైన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. వేదిక దగ్గర ముందు వరసల్లో ఎవరో కూర్చుని మైకు అందనివ్వరు, ఇది చాలాచోట్ల మామూలే. అప్పుడు లేచి నిలబడి, పేరూ ఊరూ చెప్పి, నాకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదని వీడియోలో పడేలా గట్టిగా చెప్పండి. సభ మొత్తం వీడియో తీయడం తప్పనిసరి, ఆ వీడియో కూడా పైకి వెళ్తుంది. మీ రాతప్రతిని వేదిక మీదే ఇచ్చి రసీదు అడగండి.

అసలు కీలకం సభ చివర ఉంటుంది, అప్పటికి సగం మంది భోజనాలకు వెళ్లిపోయి ఉంటారు. చెప్పిన అభిప్రాయాలన్నిటి సారాంశం రాసి, తెలుగులో చదివి వినిపించాలి. అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి దాని మీద సంతకం చేయాలి. ఇద్దరు ముగ్గురు చదువుకున్న కుర్రాళ్లను దీనికోసమే ఆపి ఉంచండి. మీరన్నది అందులో లేకపోతే అక్కడికక్కడే చేర్చమనండి. కంపెనీ వాళ్లు సభలో ఏదైనా హామీ ఇస్తే, దానికి ఎంత ఖర్చు, ఎప్పటిలోగా అని అడిగి అదీ రాయించండి. సభలో వచ్చిన సమస్యలకు చేసే పనులను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేర్చాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 సెప్టెంబర్ 30న మెమో ఇచ్చింది. నోటిమాట హామీ ఆ ప్రణాళికలోకి ఎక్కితేనే రేపు అడగడానికి ఆధారం.

మీ అబ్బాయి సంగతి. సభ స్థానికులకు, ప్రభావం పడేవాళ్లకు. రాతపూర్వక అభిప్రాయం మాత్రం ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి కలిగే మార్పులతో సంబంధం ఉందని చూపగల ఎవరైనా పంపొచ్చు. మీ వారసుడికి అంతకంటే సంబంధం ఏం కావాలి? హైదరాబాద్ నుంచి కాదు, అమెరికా నుంచైనా మెయిల్ చేయొచ్చు. కాలుష్య నియంత్రణ మండలికి స్పీడ్ పోస్టులో ఒక ప్రతి, మెయిల్లో ఒక ప్రతి, అనుమతి ఇచ్చే అధికారికి ఒక ప్రతి పంపమనండి. సభ తేదీ లోపల చేరేలా చూడాలి. ఆ తర్వాత పరివేష్ అనే కేంద్ర పోర్టల్‌లో ప్రాజెక్టు పేరు వెతికి, నిపుణుల కమిటీ సమావేశాల మినిట్స్ చదువుతూ ఉండటం కూడా అతనికే అప్పజెప్పండి. సభ వీడియో, మినిట్స్ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఒక గందరగోళం మాత్రం తప్పక విడదీయాలి, మీ ఉత్తరంలో అది లేకపోయినా ఊళ్లో కచ్చితంగా ఉండే ఉంటుంది. ఈ సభ పర్యావరణ అనుమతి కోసం. మీ భూమి తీసుకోవడం గురించి కాదు. ప్రభుత్వం భూమి సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం కింద వేరే నోటిఫికేషన్ వస్తుంది. సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోగా సెక్షన్ 15 కింద కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. పర్యావరణ సభలో ‘భూమి ఇవ్వం’ అని అరిచి, ఆ 60 రోజులు మాత్రం ఊరుకుంటే ఆ గడువు పోతుంది. అలాగే ఒడిశాలో నియమగిరి గ్రామసభల తీర్మానంతో గని ఆగింది కదా, మనమూ తీర్మానం చేద్దామని ఎవరైనా అనొచ్చు. 2013లో సుప్రీంకోర్టు అక్కడ గ్రామసభలను నిర్ణయించమన్నది అటవీ హక్కుల చట్టం కింద, ఆదివాసీల హక్కుల విషయంలో. మీ ఊరికి ఆ లెక్క వర్తించదు. తీర్మానం చేసి అభ్యంతరానికి జతచేయండి, తప్పులేదు, కానీ దానికి గనిని ఆపే శక్తి ఉందని నమ్ముకోవద్దు.

ఇక వింటారా అన్న మీ ప్రశ్న. చాలాసార్లు సభ అయ్యాక అనుమతి వస్తుంది, ఇది దాచాల్సిన పని లేదు. కానీ షరతులతో వస్తుంది, ఆ షరతుల్లో కొన్ని రాతలో ఉన్న అభ్యంతరాల నుంచి పుట్టొచ్చు. అనుమతి వచ్చాక దాన్ని స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, పంచాయతీకి ప్రతి పంపాలి. అక్కడి నుంచి మీకు లెక్క మొదలవుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయడానికి 30 రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు. మొత్తం 90 దాటితే ట్రిబ్యునల్‌కు కూడా మాఫీ చేసే అధికారం లేదు. మన రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్‌కు వెళ్తాయి. ముద్ర పడిన మీ అభ్యంతరం ప్రతి, పేపర్ కటింగ్, స్పీడ్ పోస్టు రసీదు అప్పటిదాకా ఒకే కవర్లో భద్రంగా ఉంచండి. లాయర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన మొదట అడిగేవి అవే.