తాళాలిచ్చేస్తే లోన్ తీరిపోతుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది కదిరి దగ్గర పల్లె, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం. 2019లో సర్జాపూర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ 68 లక్షలకి కొన్నాం. బీ ఖాతా (పూర్తి అనుమతుల్లేని ఆస్తులకి ఇచ్చే మున్సిపల్ ఖాతా) అని బ్యాంకులు లోన్ ఇవ్వలేదు, ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 54 లక్షలు ఇచ్చింది. ఓసీ (బిల్డింగులో ఉండొచ్చని అధికారులిచ్చే సర్టిఫికెట్) ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అన్నాడు బిల్డరు, ఇప్పటికీ లేదు. కరోనా టైంలో మారటోరియం తీసుకున్నాం, ఆ తర్వాత ఇంటీరియర్స్ కోసం టాపప్ ఇంకో 6 లక్షలు. ఇప్పుడు బాకీ మొత్తం 55 లక్షలుంది, ఈఎంఐలు రెండూ కలిపి నెలకి 58 వేలు, వడ్డీ 10 శాతం. మెయింటెనెన్సు, ట్యాంకర్ నీళ్ళు కలిపి ఇంకో 4 వేలు. పోయినేడు మావారి ఉద్యోగం పోయింది, ఇప్పుడు దొరికినదాంట్లో చేతికి 95 వేలే వస్తోంది. పాప ఎనిమిదో క్లాసు. ఇంకా ఒక్క ఈఎంఐ కూడా బౌన్స్ అవలేదు గానీ కిందటి నెల నా గాజులు పెట్టి కట్టాం. అమ్ముదామంటే 45 లక్షలకి మించి ఎవరూ అడగట్లేదు. మా బావగారు శాక్రమెంటోలో ఉంటారు, 2009లో వాళ్ళ ఇల్లు కూడా ఇలాగే అప్పు కంటే తక్కువకి పడిపోతే తాళాలు బ్యాంకు చేతిలో పెట్టి బయటికొచ్చేశారట, మీరూ అలాగే చెయ్యండి అంటున్నారు. మావారికి అదే బాగుందనిపిస్తోంది. మామగారేమో ఊళ్ళో పొలం అమ్మి డబ్బు పంపిస్తాను ఇల్లు మాత్రం వదలొద్దు, ఊళ్ళో తలెత్తుకోలేం అంటున్నారు. ఏం చెయ్యాలో తోచట్లేదు సార్.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు మీ బావగారి మాట సంగతి తేల్చేద్దాం, మీ ఇంట్లో చర్చంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 2008 తర్వాత అమెరికాలో ఇళ్ళ రేట్లు కుప్పకూలి లక్షల కుటుంబాలు మీ పరిస్థితిలోకే వచ్చాయి, అందులో కాలిఫోర్నియాలో ఒక చట్టముంది, తాను ఉండటానికి కొనుక్కున్న ఇంటి మీద, ఆ కొనడానికే తీసుకున్న లోన్ అయితే, బ్యాంకు ఇల్లు తీసుకున్నాక మిగతా బాకీ కోసం మనిషి వెంట పడకూడదు. అందుకే ఆయన బయటపడగలిగారు. అక్కడ కూడా అన్ని రాష్ట్రాల్లో అలా లేదు. మన దగ్గరైతే అసలు లేదు. ఇక్కడ మీరు లోన్ అగ్రిమెంట్ మీద పెట్టిన సంతకం ఫ్లాట్ ఇస్తానని కాదు, 54 లక్షలు వడ్డీతో సహా కడతానని. ఫ్లాట్ దానికి తాకట్టు మాత్రమే. తాళాలిచ్చినా అప్పు మీ పేరు మీదే ఉంటుంది.

ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మీవారే ఆ ఆలోచన మానుకుంటారు. ఈఎంఐ ఆగి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారు. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల టైం ఇస్తూ నోటీసు వస్తుంది, అప్పటికీ కట్టకపోతే ఫ్లాట్ స్వాధీనం చేసుకుంటారు, వాల్యుయేషన్ చేయించి 30 రోజుల నోటీసిచ్చి వేలం వేస్తారు. ఈ నెలలన్నీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, దాని మీద పీనల్ ఛార్జీలు, వకీలు ఖర్చు, పేపర్లో ప్రకటన ఖర్చు, అన్నీ మీ లెక్కలోకే ఎక్కుతాయి. ఇక వేలానికొచ్చేవాళ్ళు ఎవరు? చౌకగా కొట్టేద్దామని వచ్చేవాళ్ళే కదా. పైగా ఓసీ లేని బీ ఖాతా ఫ్లాట్. మీకు 45 వస్తున్నది అక్కడ 38కే పోయిందనుకుందాం, మిగతా 17 లక్షలూ పైన ఖర్చులూ మీ నెత్తిమీదే, దానికోసం వాళ్ళు కోర్టుకి వెళ్ళొచ్చు, జీతం మీద అటాచ్‌మెంట్ కూడా అడగొచ్చు. ఇల్లూ పోయి అప్పూ మిగిలి, సిబిల్ (అప్పులు కట్టే తీరుకిచ్చే స్కోరు) కూడా పాడైపోయి, రేపు పాప చదువుకి ఎడ్యుకేషన్ లోన్ కావాల్సొచ్చినప్పుడు ఇదే అడ్డం పడుతుంది. లోన్‌లో కో అప్లికెంట్‌గా మీ సంతకం ఉందేమో చూసుకోండి, ఉంటే ఇద్దరి సిబిలూ దెబ్బతింటుంది. అకౌంట్లో డబ్బుల్లేక ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్ అయితే చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టే వీలుంది, అది కూడా మీవారికి చెప్పండి.

ఇదంతా విని ఇల్లు పట్టుకుని వేలాడమంటున్నాననుకోకండి. నా అభిప్రాయం అడిగితే ఈ ఇల్లు వదిలేయడమే మంచిది. కానీ వాళ్ళు వేలం వేసేదాకా ఆగకుండా, ఒక్క ఈఎంఐ కూడా తప్పని ఇప్పుడే, మీ చేత్తో మీరు అమ్మండి.

ఎందుకో లెక్క చూడండి. 55 లక్షల మీద 10 శాతం అంటే నెలకి సుమారు 46 వేలు వడ్డీకే పోతోంది, మీరు కడుతున్న 58 వేలల్లో అసలులోకి చేరేది 12 వేలు. ఈ లెక్కన అప్పు తీరడానికి ఇంకా దాదాపు 16 ఏళ్ళు. మీవారికి ఎన్నేళ్ళో మీరు రాయలేదు, పాప ఎనిమిదో క్లాసు కాబట్టి నలభైకి అటూ ఇటూ అనుకుంటున్నా, అంటే రిటైర్మెంట్ దగ్గరదాకా అన్నమాట. ఇప్పుడు మీది లాంటి ఫ్లాటే ఆ చుట్టుపక్కల అద్దెకి 25 వేలకి దొరుకుతుందనుకుందాం. 45 లక్షలకి అమ్మేశారు, తక్కువపడిన 10 లక్షలకి పర్సనల్ లోన్ తీసుకున్నారు, 13 శాతానికి అయిదేళ్ళకైతే నెలకి 22,750 దాకా. అద్దెతో కలిపి 48 వేల లోపు. ఇప్పుడు మెయింటెనెన్సుతో కలిపి మీకు 62 వేలు పోతోంది. ఏటా పెరిగే అద్దె కలుపుకున్నా ఇదే తక్కువ, పైగా అయిదేళ్ళ తర్వాత అద్దె ఒక్కటే మిగులుతుంది. 68కి కొన్నాం 45కి ఎలా ఇస్తాం అని మనసు కొట్టుకుంటుంది నిజమే, కానీ ఆ 23 లక్షలు ఫ్లాట్ ఉంచుకున్నంత మాత్రాన వెనక్కి రావు. ఆ పేపర్లతో ఆ ఫ్లాట్ ఈరోజు ఎవరైనా కొనేది 45కే.

అయితే ఆ 45ని కొంచెం పైకి లాగే దారి ఒకటుంది, దీని మీద మాత్రం గట్టిగా తిరగండి. మీ ఫ్లాటుకి రేటు రాకపోవడానికి కారణం ఇల్లు బాగోలేక కాదు, కొనేవాడికి బ్యాంకు లోన్ దొరక్క. అందుకే క్యాష్ ఉన్నవాళ్ళే వస్తున్నారు, క్యాష్ ఉన్నవాడు ఎప్పుడూ తగ్గించే అడుగుతాడు. మరి మీకు లోన్ ఇచ్చిన కంపెనీ ఆ పేపర్లన్నీ చూసే కదా ఇచ్చింది, కొనేవాళ్ళకి కూడా అదే కంపెనీ ఇస్తుందేమో బ్రాంచికి వెళ్ళి మేనేజర్‌ని అడగండి. మీ లోన్ క్లోజ్ చేసి అదే ఫ్లాటు మీద కొత్తవాళ్ళకి లోన్ ఇవ్వడం వాళ్ళకీ లాభమే. అది కుదిరితే జీతమున్న కుర్రాళ్ళు కూడా మీ ఫ్లాట్ చూడ్డానికొస్తారు, 45 కాస్తా 49, 50 అయ్యే అవకాశముంది, తక్కువపడేది సగానికి సగం తగ్గుతుంది. ఈ-ఖాతా కూడా ముందే తీసి పెట్టుకోండి, ఇప్పుడది లేకపోతే రిజిస్ట్రేషనే నడవదు. ఓసీ లేదన్న విషయం మాత్రం వచ్చినవాళ్ళ దగ్గర దాచొద్దు, మీరు పడ్డ బాధ ఇంకొకళ్ళు పడకూడదు, పైగా తర్వాత తెలిస్తే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు.

అమ్మకం ఎలా జరుగుతుందంటే, కంపెనీ దగ్గర ఫోర్‌క్లోజర్ లెటర్ (ఎంత కడితే లోన్ పూర్తిగా తీరుతుందో చెప్పేది), వాళ్ళ దగ్గరున్న ఒరిజినల్ పేపర్ల లిస్టు తీసుకోవాలి. కొనేవాళ్ళు డబ్బు నేరుగా మీ లోన్ అకౌంట్లోకి వేస్తారు, తక్కువపడింది మీరు అదే సమయానికి వెయ్యాలి, బాకీ సున్నా అయితే తప్ప పేపర్లు కదలవు. అందుకని తక్కువపడే డబ్బు చేతిలో ఉండేలా చూసుకున్నాకే అగ్రిమెంట్ రాసుకోండి. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌కి ముందుగా తీర్చినందుకు ఫోర్‌క్లోజర్ ఛార్జీ వెయ్యకూడదు, టాపప్ మీద వేస్తామంటే ఏ రూలు కింద అని రాతపూర్వకంగా అడగండి. మొత్తం కట్టాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు మీకే ఇవ్వాలని 2023లో రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది. ఇంకో మాట, ఇల్లు మారితే బెంగళూరులో అడ్వాన్సు ఎలా అడుగుతారో తెలుసు కదా, ఆ లక్షో లక్షన్నరో కూడా ఈ లెక్కలోనే వేసుకోండి.

అమ్ముడుపోయేదాకా ఊరికే కూర్చోకండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతం నుంచి 6.5కి పెంచినప్పుడు మీ వడ్డీ టకటకా పెంచేసి ఉంటారు, 2025లో అది 5.25 దాకా తగ్గింది, మీకు తగ్గించారా? ఇంకా 10 దగ్గరే ఉందంటే సరిగ్గా తగ్గించినట్టు లేదు. బీ ఖాతా వల్ల, బాకీ ఇంటి విలువ కంటే ఎక్కువుండటం వల్ల వేరే బ్యాంకుకి మార్చుకోవడం మీకు కుదరదు, కానీ ఉన్న కంపెనీలోనే కొద్దిగా కన్వర్షన్ ఫీజు కట్టి రేటు తగ్గించుకోవచ్చు. ఒక్క శాతం తగ్గినా నెలకి 4,500 మిగిలినట్టే. బిల్డరు మీద రెరాలో (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంస్థ) కంప్లైంట్ మీ అసోసియేషన్ వాళ్ళతో కలిసి వెయ్యండి, తప్పకుండా వెయ్యండి, అతను చేసింది అన్యాయం. కాకపోతే ఆ డబ్బు వస్తుందని నమ్ముకుని అమ్మకం ఆపొద్దు, ఆర్డరొచ్చాక కూడా వసూలు చాలా ఆలస్యమవుతుంది.

సెటిల్మెంట్ గురించి ఎవరైనా చెప్తే, అంటే ఈఎంఐ కావాలనే ఆపేస్తే వాళ్ళే తగ్గించి తీసుకుంటారని, వినకండి. తగ్గిస్తారో లేదో గ్యారంటీ లేదు, తగ్గించినా సిబిల్‌లో సెటిల్డ్ అని పడి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. నిజంగా ఇక కట్టలేమనుకున్నవాళ్ళ చివరి దారి అది, మీరింకా అక్కడిదాకా రాలేదు.

ఇక మామగారి పొలం. ఆయన ప్రేమతో అంటున్నారు, ఆ మాటకే దణ్ణం పెట్టాలి. కానీ నెలనెలా ఈఎంఐ కట్టడానికి పొలం అమ్మితే రెండు మూడేళ్ళలో ఆ డబ్బు వడ్డీలో కరిగిపోతుంది, అప్పుడు పొలమూ ఉండదు ఫ్లాటూ ఉండదు, పెద్దాయనకి వయసుమళ్ళిన రోజుల్లో చెయ్యి ఖాళీ. అమ్మకం ఖాయమయ్యాక తక్కువపడిన దాంట్లో ఒక రెండు మూడు లక్షలు చేబదులుగా ఇస్తే తీసుకోండి, పొలం జోలికి వెళ్ళకుండా ఇవ్వగలిగితేనే. మీ పీఎఫ్, ఉన్న బంగారం మీద గోల్డ్ లోన్, ఇవి పర్సనల్ లోన్ కంటే ముందు చూడండి. నష్టానికి అమ్మినప్పుడు ఆ క్యాపిటల్ లాస్ రిటర్నులో టైముకి చూపిస్తే 8 ఏళ్ళదాకా లాంగ్ టర్మ్ లాభాల్లో సర్దుకోవచ్చు, ఆడిటర్‌కి చెప్పి రాయించుకోండి.

ఊళ్ళో తలెత్తుకోవడం గురించి, అమ్మా, మీరు ఎవరి డబ్బూ ఎగ్గొట్టట్లేదు. పైసాతో సహా తీర్చి బయటికొస్తున్నారు. మామగారికి ఇది ఫోన్లో చెప్పకండి, ఒక ఆదివారం ముగ్గురూ కదిరి వెళ్ళి లోన్ స్టేట్‌మెంట్ ముందు పెట్టి, 58 వేలల్లో 46 వేలు ఎక్కడికి పోతున్నాయో వేలుపెట్టి చూపించండి. సేద్యం చేసిన మనిషికి వడ్డీ అంటే ఏంటో మనకంటే బాగా తెలుసు. మీవారితో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి, ఉద్యోగం పోయి మళ్ళీ తక్కువ జీతానికి చేరిన మనిషి లోపల్లోపల ఎంత నలిగిపోతుంటారో, తాళాలిచ్చేద్దాం అనడం కూడా ఆ అలసటలోంచే వచ్చుంటుంది.

ప్రశ్న: ఫ్రెండు ఫ్లాట్ లోన్‌కి ష్యూరిటీ సంతకం పెట్టాను. అతను రెండు నెలలుగా కట్టట్లేదు, ఫ్లాట్ విలువ లోన్ కంటే తక్కువట. ముందు ఫ్లాట్ వేలం వేశాకే కదా నా దగ్గరికి రావాలి?
— మారతహళ్ళి

జవాబు: అలా ఏం లేదండి. 1872 కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరే మాట రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో ష్యూరిటీకి అంతే, ముందు అతన్ని అడిగి తర్వాతే మిమ్మల్ని అడగాలనే రూలు లేదు. 90 రోజులు ఇంకా దాటలేదు కాబట్టి ఈ వారమే అతన్ని కూర్చోబెట్టి పైన చెప్పినట్టు అమ్మకానికి ఒప్పించండి. మీ సిబిల్ రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా వస్తుంది, తీసి చూసుకోండి. రికవరీ వాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, చేస్తే టైంతో సహా రాసిపెట్టుకుని కంపెనీకి కంప్లైంట్ ఇవ్వండి. గండం గట్టెక్కడానికి మీరే ఒక ఈఎంఐ కట్టాల్సొస్తే డబ్బు అతని చేతికివ్వకండి, మీ అకౌంట్ నుంచి నేరుగా లోన్ అకౌంట్‌కి వేసి రసీదు దాచుకోండి, రేపు అతని దగ్గర వసూలు చేసుకోవాలంటే మీ దగ్గరుండే ఆధారం అదే.