ప్రభువు బల్ల రోజున గుమ్మంలో ఆపినవాడు

"తామూ పాపులమేనని క్రైస్తవులు ప్రతి ఆదివారం ఒప్పుకుంటారు. మరి తప్పు చేసినవాణ్ని చూస్తే ఎందుకంత ముఖం తిప్పుకుంటారు?" అని మీరు అడిగారు. విశాఖ పాతనగరంలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి నేను సంఘ పెద్దను. మీరన్న పని నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ మీద పనిచేసే ఒక యువకుడు మా ఆరాధనకు వచ్చేవాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కదా, పని లేని ఆ రోజుల్లో అతని తాగుడు ఎక్కువయ్యేది. ఒక ఆదివారం సారా వాసన వస్తోందని గుమ్మంలోనే ఆపి, "తాగడం మానేశాకే మందిరానికి రా" అన్నాను. నలుగురూ విన్నారు. అతను మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన ఉంది. నేనూ వాటిని తీసుకున్నాను. అప్పటికి ఆరేళ్లుగా మా అన్నయ్యతో నాకు మాటలు లేవు. నాన్న ఇంటి వాటాల దగ్గర తగువు. అన్నయ్య ఉండేది ఈ ఊళ్ళోనే, మధురవాడలో. కూతురి పెళ్ళికి పిలిచినా వెళ్ళలేదు. అర్పణ తెచ్చినవాడు దాన్ని అక్కడే విడిచి ముందు సహోదరునితో సమాధానపడాలన్న మత్తయి 5వ అధ్యాయం సండే స్కూల్లో పిల్లలకు నేనే నేర్పాను. అయినా నాది పాపమని తోచలేదు, న్యాయమనుకున్నాను. పగకు వాసన ఉండదు, నన్నెవరూ గుమ్మంలో ఆపలేదు.

అతను రావడం మానేశాక మనసు ఊరుకోక హార్బర్‌కు వెళ్ళాను. వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. క్షమించమన్నాను. "ఇంకా మానలేకపోయానండీ. అందుకే ఎప్పుడూ బల్ల ముట్టలేదు, వాక్యం వినడానికే వచ్చేవాణ్ని" అన్నాడు. అతను వెనక తలుపు పక్కనే కూర్చుని లేచి వెళ్ళడం నెలల తరబడి చూశాను, భక్తి లేదనుకున్నాను. లూకా 18లో తాను పాపినంటూ దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, నా కళ్ళ ముందే ఉన్నాడు.

పాపాన్ని పాపం కాదనమని నేననను. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీతో యేసు "ఇక పాపము చేయకుము" అన్నాడు. కానీ ఆమెను రాళ్ళతో కొట్టాలన్నవాళ్ళంతా వెళ్ళిపోయాక, నేనూ నీకు శిక్ష విధించను అన్న తర్వాత అన్నాడు. మేము ఆ వరుసను తలకిందులు చేస్తాం. ముందు మారమంటాం, తర్వాత రమ్మంటాం.

ఇప్పుడతను వచ్చిన ఆదివారాల్లో వెనక వరుసలో అతని పక్కనే కూర్చుంటున్నాను. తాగుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. అన్నయ్య ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. వదిన టీ ఇచ్చింది. అన్నయ్య ఇంకా నా ముఖం చూసి మాట్లాడలేదు.