బెలూన్ల పిచ్చి ఉన్న ఈసీఈ అబ్బాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది తాండూరు దగ్గర పల్లె. మా వైపు పొలాల్లో అప్పుడప్పుడు పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు, పెట్టెలు పడుతుంటాయి. మావాడికి చిన్నప్పట్నుంచీ వాటి మీదే ధ్యాస. ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ ఈసీఈ రెండో ఏడాది. హామ్ రేడియో (హాబీగా రేడియో సిగ్నళ్లు పంపుకోవడం) లైసెన్స్ తీసుకుని, స్నేహితులతో కలిసి 30 కిలోమీటర్ల ఎత్తుకు బెలూన్ పంపుతానంటున్నాడు. డబ్బులు అడుగుతున్నాడు. వాడి తోటివాళ్లంతా కోడింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. టెన్షన్‌గా ఉంది సార్. ఇందులో భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, వికారాబాద్ జిల్లా

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. బెలూన్లు ఎగరేయడమే ఉద్యోగంగా ఉన్న చోట్లు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటినే నమ్ముకోమని నేను చెప్పను. అయితే ఎగిరిన బెలూన్ ఎక్కడుందో క్షణక్షణం తెలుసుకోవడానికి మీ అబ్బాయి నేర్చుకోవాల్సిన పని ఒకటుంది, రేడియో సిగ్నల్ పంపడం, కింద పట్టుకోవడం. దానికి మాత్రం గిరాకీ ఉంది. కాబట్టి డబ్బులివ్వండి, కాకపోతే మొదట సిగ్నల్ పట్టుకునే రిసీవర్‌కు. బెలూన్ సంగతి తర్వాత చూద్దాం.

మీ వైపు పడేవి చాలావరకు హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి వచ్చేవే. పల్చటి పాలిథిన్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. పని అయ్యాక పరికరాలను ప్యారాచూట్‌తో దింపుతారు. 2022 డిసెంబరులో మర్పల్లి మండలంలో వింత క్యాప్సూల్ దిగిందని జనం ఎగబడి చూశారు కదా, అది కూడా ఒక స్పెయిన్ కంపెనీ ఇక్కడి నుంచి పంపి చూసిన నమూనాయే.

మీవాడు చేస్తానంటున్నది దీనికి బుల్లి రూపం. 1987 ఆగస్టు 15న అమెరికాలోని ఒహాయోలో బిల్ బ్రౌన్ అనే హామ్ రేడియో అభిమాని ఒక బెలూన్‌కు రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టి ఎగరేశారు. ఆ తర్వాత ఈ హాబీ చాలా దేశాలకు పాకింది. రబ్బరు బెలూన్ సెకనుకు దాదాపు 5 మీటర్ల చొప్పున పైకి పోతుంది. అంటే 30 కిలోమీటర్లు ఎక్కడానికి గంటా నలభై నిమిషాలు. అక్కడ గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో నూరో వంతు మాత్రమే. బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది, పెట్టె ప్యారాచూట్‌తో దిగుతుంది.

చెప్పుకోవడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది అసలు కష్టం. మన ప్రాంతం మీద 16, 17 కిలోమీటర్ల ఎత్తులో చలి మైనస్ 75 డిగ్రీలు దాటుతుంది. మామూలు ఫోన్ బ్యాటరీ అక్కడ చేతులెత్తేస్తుంది. సిమ్ కార్డు ట్రాకర్ పెడదామనుకుంటే, సెల్ టవర్ల యాంటెన్నాలు చూసేది నేలవైపు, కాబట్టి కాస్త ఎత్తుకు పోగానే సిగ్నల్ పోతుంది. కొన్ని జీపీఎస్ మాడ్యూళ్లు 18 కిలోమీటర్లు దాటితే లెక్క చెప్పడం మానేస్తాయి. క్షిపణుల్లో వాడకుండా పెట్టిన పాత ఆంక్ష అది. ఎత్తులో పనిచేసే మోడ్ ఉన్న మాడ్యూల్ ఎంచుకుని, ఆ మోడ్‌లో పెట్టడం తెలియాలి. వానాకాలంలో కింద గాలి పడమర నుంచి వీస్తే, 15 కిలోమీటర్ల ప్రాంతంలో తూర్పు నుంచి జోరుగా వీస్తుంది. బెలూన్ ముందు ఒకవైపు పోయి, తర్వాత వెనక్కి తిరుగుతుంది. ఎక్కడ దిగుతుందో ముందే అంచనా వేయాలి. ఇక రేడియో సంగతి నాకు మహా ఇష్టం. 30 కిలోమీటర్ల పైనుంచి చూపు 600 కిలోమీటర్ల దాకా పోతుంది. అడ్డేమీ లేదు కాబట్టి 10 మిల్లీవాట్ల సిగ్నల్‌ను కూడా మంచి యాంటెన్నాతో వందల కిలోమీటర్ల దూరంలో పట్టుకోవచ్చు. బ్రిటన్ హాబీవాళ్లు 434 మెగాహెర్ట్జ్ మీద ఏళ్ల తరబడి చేసింది ఇదే.

ఇంటర్వ్యూలో లింక్ బడ్జెట్ (పంపిన సిగ్నల్‌లో ఎంత అందుతుందన్న లెక్క) గురించి అడిగితే పుస్తకంలోని సూత్రం అందరూ చెప్తారు. తాను లెక్కేసినదానికి, నిజంగా అందినదానికి తేడా ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది అని చెప్పగలిగినవాడు వేరేగా కనిపిస్తాడు.

అందుకే ముందు వినడం నేర్చుకోమనండి. వాతావరణ శాఖ హైదరాబాద్, విశాఖపట్నం లాంటి కేంద్రాల నుంచి రేడియోసోండ్ (వాతావరణం కొలిచి రేడియోలో కిందికి పంపే చిన్న పరికరం) బెలూన్లు పంపుతుంది. కొలతలకు ప్రపంచమంతా పాటించే వేళలు మన గడియారం ప్రకారం ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. వాటి సిగ్నల్ 400 నుంచి 406 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. కొన్ని వేల రూపాయల ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు పెట్టుకునే చిన్న రేడియో రిసీవర్), తానే చేసుకున్న యాంటెన్నా, పాత ల్యాప్‌టాప్ ఉంటే హాస్టల్ డాబా మీదే మొదలుపెట్టొచ్చు. సోండ్ మోడల్‌ను బట్టి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎత్తు, ఉష్ణోగ్రత కూడా చదవొచ్చు. ఒక సెమిస్టర్ ఈ పని ఓపిగ్గా చేస్తే అబ్బాయి ఆసక్తి నిజమో మోజో మీకే తెలిసిపోతుంది.

లైసెన్స్ మాత్రం తప్పకుండా తీసుకోనివ్వండి. 12 ఏళ్లు నిండితే చాలు. కింది స్థాయి లైసెన్స్ అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు. ఈసీఈ చదివేవాడికి ఆ రాతపరీక్ష పెద్ద లెక్క కాదు. టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి. అక్కడ అడిగితే దారి చెప్తారు. వెరిఫికేషన్లకు సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

మీరు గట్టిగా ఉండాల్సింది ఎగరేసే విషయంలో. లైసెన్స్ చేతిలో ఉన్నంత మాత్రాన బెలూన్ వదలకూడదు. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్... ఎటు చూసినా విమానాలే. విమానయాన అధికారుల అనుమతి, ఆ ప్రాంత ఏటీసీతో (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) సమన్వయం లేకుండా వదిలితే హాబీ కాస్తా పోలీసు కేసవుతుంది. ఇది కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఒక ప్రొఫెసర్ బాధ్యతతో జరగాల్సిన పని. నలుగురు కుర్రాళ్లు ఆదివారం చేసేది కాదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా యుద్ధవిమానాలు కూల్చినవాటిలో ఒకటి హాబీవాళ్ల చిన్న బెలూనే అయ్యుంటుందన్న అనుమానం ఇప్పటికీ ఉంది. పెట్టె మీద తెలుగులో "ప్రమాదం లేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాయించండి. పొలంలో ఏదైనా పడితే జనం ఎంత కంగారు పడతారో మీకంటే ఎవరికి తెలుసు!

ఇక ఉద్యోగాలు. టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రంలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పరిశోధన వైపు వెళ్లేవారికి మంచి చోటు, కానీ ఎంటెక్, పీహెచ్‌డీ దాకా ఓపిక ఉండాలి. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ద్వారా 2022లో 990 వచ్చాయి, అలాంటివి ఏటా రావు. ఇస్రో రాతపరీక్షకు బీటెక్‌లో 65 శాతం కావాలి. హామ్ లైసెన్స్‌కు అక్కడ ఒక్క మార్కు కూడా కలవదు. డీఆర్‌డీవోకు గేట్ స్కోరు ఉండాలి. బెలూన్ల వైపు వాళ్ల ఆసక్తి కూడా చిన్నదేం కాదు. 2025 మేలో మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ నుంచి ఒక ఎయిర్‌షిప్‌ను (బెలూన్‌లా తేలే వాహనం) 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపి పరీక్షించారు.

నా దృష్టిలో మీవాడికి దగ్గరి దారి ప్రైవేటు వైపు ఉంది. హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ 2022 నవంబరులో పీఎస్ఎల్‌వీ మీద పంపిన థైబోల్ట్ ఉపగ్రహాలు రెండూ హామ్ రేడియో కోసం చేసినవే. ఉపగ్రహాల గ్రౌండ్ స్టేషన్లు, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) టెస్టింగ్, ఐఓటీ (ఇంటర్నెట్‌కు కలిపే) పరికరాలు తయారుచేసే చోట్ల చేత్తో పని చేసినవాళ్ల కోసం చూస్తుంటారు.

కోడింగ్ సంగతి అడిగారు. ట్రాకర్‌లోని మైక్రోకంట్రోలర్ చిప్‌కు సీ భాషలో ప్రోగ్రామ్ రాయాలి, కింద డేటా విప్పడానికి పైథాన్ కావాలి. కాబట్టి కోర్సుకు కట్టే ఫీజు అవసరం లేకుండానే ఆ రెండూ వస్తాయి, రాసిన కోడ్‌ను గిట్‌హబ్‌ వెబ్‌సైట్‌లో పెట్టమనండి చాలు. మూడో ఏడాది మినీ ప్రాజెక్టుగా రిసీవర్, నాలుగో ఏడాది ప్రాజెక్టుగా అనుమతులతో ఒక ఎగురవేత అని హెచ్‌ఓడీతో ఇప్పుడే మాట్లాడుకోమని చెప్పండి. మీ వైపు నుంచి ఒకే షరతు పెట్టండి. ఏ సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ వస్తే అది క్లియర్ అయ్యేదాకా బెలూన్ ఖర్చు ఆపేస్తానని.