చలికాలమంతా నిలబడి ఉండే స్పోర్ట్స్ కారు గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, మంచు కురిసే చోటికి వచ్చిన రెండో ఏడే సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నావు, సంతోషం. మంచు కురిసే నాలుగు నెలలూ బయటికి తీయలేను కాబట్టి వారానికోసారి స్టార్ట్ చేసి ఆపేస్తే చాలా అని అడిగావు. చాలదు. అది కారుకు చెరుపు కూడా. నేను అలాగే చేసి బోలెడు డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

మొదటి చలికాలం ప్రతి ఆదివారం పొద్దున్నే కిందికి దిగి, ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు నిలబడేవాణ్ణి. ఆ శబ్దం వింటే మనసు కుదుటపడేది. కానీ అంత చలిలో పది నిమిషాలకు ఆయిల్ సరిగా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి బయటికి పోక సైలెన్సర్లోనూ ఆయిల్లోనూ మిగిలిపోతుంది. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు కూడా బ్యాటరీకి పూర్తిగా తిరిగిరాదు. ఫిబ్రవరిలో ఒకరోజు తాళం తిప్పితే టిక్ టిక్ మని ఆగిపోయింది. మెకానిక్ వచ్చి ఆయిల్ పోసే మూత విప్పి నా చేతిలో పెట్టాడు. లోపలివైపు మీగడలాగా లేత పసుపు జిగురు పట్టి ఉంది. వేలితో తీస్తే జారింది. నీళ్ళూ ఆయిలూ కలిసిన నురగ అది.

పైగా హ్యాండ్ బ్రేకు లాగి వదిలేశాను. బ్రేకు ప్యాడ్లు తుప్పుతో చక్రం దగ్గరి డిస్కుకు అతుక్కుపోయాయి. బండిని షెడ్డుకు మోసుకెళ్ళే లారీ మీదికి ఎక్కిద్దామంటే చక్రం తిరగలేదు. ఆ నెల బిల్లు నా ఇంటి అద్దెను దాటింది. అప్పటికి నా దగ్గర పొదుపంటూ ఏమీ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పదేళ్ళుగా ఒక్కసారి కూడా లారీ పిలవలేదు. కారు ఆపే ముందు ఆయిల్ మార్పిస్తాను, ఎందుకంటే పాత ఆయిల్లోని ఆమ్లాలు నెలల తరబడి లోహాన్ని తింటాయి. ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలుపుతాను. గేరులో పెట్టి చక్రాలకు అడ్డు పెడతాను, హ్యాండ్ బ్రేకు ముట్టను. బ్యాటరీకి ఆటోమేటిక్ మెయింటెనర్ తగిలిస్తాను, అంటే తగ్గిన ఛార్జిని తనంతట తానే నింపే చిన్న ఛార్జర్. కారు ఆగి ఉన్నా అలారం, కంప్యూటర్లు కలిపి 50 మిల్లీ ఆంపియర్ల కరెంటు లాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే ఛార్జి కొలత) పోతాయి, 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆరు వారాల్లో ఖాళీ. ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 10 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగలవచ్చు. నీ కారుకున్నవి సమ్మర్ టైర్లే అయితే 7 డిగ్రీల కంటే కిందికి వెళ్ళాక రోడ్డెక్కకు, రబ్బరు గట్టిపడి పట్టు ఉండదు. మీ కుర్రాళ్ళు ఎండ కనిపించగానే ఒక రౌండ్ వేసొద్దామంటారు, వద్దు. రోడ్డు మీద చల్లిన ఉప్పు కారు అడుగును తినేస్తుంది.

ఇన్సూరెన్స్ డబ్బు మిగులుతుందని పాలసీ మొత్తం రద్దు చేయకు. నేను చేశాను. మధ్యలో ఖాళీ వచ్చిందని మరుసటి ఏడు ప్రీమియం పెంచారు. నిలిపి ఉంచే నెలలకు దొంగతనం, అగ్నిప్రమాదం వరకే కవర్ ఇస్తారేమో అడుగు. లోన్ మీద కొని ఉంటే బ్యాంకు దానికి ఒప్పుకోకపోవచ్చు. రూల్స్ నీ చోట ఎలా ఉన్నాయో నువ్వే చూసుకోగలవు.

నా టెన్షన్ అంతా డబ్బు గురించే తమ్ముడూ. కదలని కారుకీ ఈఎంఐ, పార్కింగ్ అద్దె, ఇన్సూరెన్స్ ప్రతి నెలా కట్టాలి. ఇలాంటి బండి వసంతంలో బయటికి తీయగానే ఏదో ఒక రిపేరు చెబుతుంది, ఆ డబ్బు శీతాకాలంలోనే పక్కన పెట్టుకోవాలి. నేను ఇప్పటికీ నవంబరు నుంచి నెలనెలా వేరే ఖాతాలో వేస్తాను. నీ ఉత్తరంలో హార్స్‌పవర్ రాశావు, రంగు రాశావు, ఈఎంఐ పోగా చేతిలో ఎంత మిగులుతుందో రాయలేదు. ఈసారి ముందు అది రాయి.