ప్రీయాంప్‌లో రెండు ఫోనో ఇన్‌పుట్లు: ఏ టర్న్‌టేబుల్ ఎందులో పెట్టాలి, హమ్ ఎలా పోతుంది?

కొత్త ప్రీయాంప్‌లో (సన్నటి సిగ్నల్‌ని పెంచి పవర్ యాంప్‌కి పంపే పెట్టె) ఎంఎం (మూవింగ్ మ్యాగ్నెట్), ఎంసీ (మూవింగ్ కాయిల్) అని రెండు ఫోనో ఇన్‌పుట్లు, అంటే టర్న్‌టేబుల్ తగిలించే చోట్లు, ఉన్నాయి, ఉన్న రెండు టర్న్‌టేబుళ్లలో ఏది ఎందులో పెట్టాలో తెలియట్లేదు, పైగా గుయ్యిమని హమ్ వస్తోంది అన్నారు కదండీ. ముందు టర్న్‌టేబుల్ సంగతి వదిలేసి కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే చిన్న డబ్బీ) మీద నంబరు చూడండి, సెట్టింగులన్నీ దాన్ని బట్టే.

మాది విజయనగరం. మా ఇంట్లోనూ రెండున్నాయి, ఒకదానికి ఆడియో-టెక్నికా వీఎం95ఈ, ఇంకోదానికి డెనాన్ డీఎల్-103. మొదటిది మూవింగ్ మ్యాగ్నెట్, 4 మిల్లీవోల్టులు ఇస్తుంది. రెండోది మూవింగ్ కాయిల్, 0.3 మిల్లీవోల్టులే. అందుకే మొదటిదానికి 40 డీబీ గెయిన్, అంటే సిగ్నల్‌ని వంద రెట్లు పెంచడం, చాలు. రెండోదానికి 60 డీబీ, అంటే వెయ్యి రెట్లు కావాలి. ఎంఎంని ఎంసీలో పెడితే 4 మిల్లీవోల్టులు కాస్తా 4 వోల్టులవుతాయి, గాయని గొంతు ఎత్తిన చోటల్లా పగిలిపోతుంది. ఎంసీని ఎంఎంలో పెడితే నష్టమేం లేదు, వాల్యూమ్ బాగా తిప్పినా చాలా చిన్నగా వినపడుతుందంతే.

టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉంటే ఫోనోలోనే ఉంచండి, లేకపోతే ఆర్ఐఏఏ దిద్దుబాటు (రికార్డు చేసేటప్పుడు తగ్గించిన బేస్‌ని మళ్లీ పెంచి, పెంచిన ట్రెబుల్‌ని తగ్గించడం) టర్న్‌టేబుల్‌లో ఒకసారి, ప్రీయాంప్‌లో ఒకసారి, రెండుసార్లు జరిగి బేస్ బుడబుడమంటుంది.

లోడింగ్ (కార్ట్రిడ్జ్ మీద ప్రీయాంప్ పెట్టే ఓములు, కెపాసిటెన్స్) గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఎంఎంకి 47 కిలో ఓములు, దాన్ని ముట్టుకోకండి. కెపాసిటెన్స్ మాత్రం కేబుల్‌ది కూడా కలిపి లెక్కేయాలి, వీఎం95కి మొత్తం 100 నుంచి 200 పికోఫారడ్లు ఉండమంటారు, అందుకే పొడుగు కేబుల్ వద్దు. ఎంసీకి కాయిల్ ఓములకి పది రెట్లు అని ఒక లెక్క చెప్తుంటారు కానీ డీఎల్-103 కాయిల్ 40 ఓములైనా నేను 100 దగ్గరే పెట్టుకున్నాను, మా హాల్లో గచ్చు నేల, పరదాలు లేవు, 400 పెడితే చేతితాళాల చప్పుడు చెవిలో గుచ్చుతోంది. మీ గదిలో మీకు 400 నచ్చొచ్చు, విని చూసుకోండి. మార్చే ముందు మ్యూట్ మాత్రం నొక్కండి.

ఇక హమ్. రెండు టర్న్‌టేబుళ్ల ఎర్తు తీగలూ ప్రీయాంప్ వెనకున్న గ్రౌండ్ స్క్రూకే బిగించాలి, గోడ ప్లగ్గు ఎర్తుకి ఎప్పుడూ వద్దు. మా పాత ఇంట్లో అసలు ఎర్తింగే సరిగ్గా లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు గుంత కొత్తగా వేయించాక సగం తగ్గింది. మిగతా సగం పవర్ యాంప్ ట్రాన్స్‌ఫార్మర్‌ది, దాన్ని కింది అరలోకి దూరంగా జరిపితే పోయింది. ఎంసీలో వెయ్యి రెట్లు పెంచుతున్నాం కాబట్టి పక్కనున్న ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ పాడుతుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడి గారి వయొలిన్ లాంటి 78 ప్లేట్లు కూడా ఉన్నాయన్నారు. మన ఊళ్లో వాటిని వదులుకోలేం! వీఎం95కి 78 ముల్లు విడిగా దొరుకుతుంది, లాగి మార్చేయొచ్చు, ఎల్పీ ముల్లుతో ఆ వెడల్పు గాడిలో తిప్పకండి. ప్రీయాంప్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, గరగర బాగా తగ్గుతుంది. ఆ ప్లేట్లు ఆర్ఐఏఏ రాకముందువి కాబట్టి టోన్ కంట్రోల్ ఉంటే కొంచెం సర్దుకోవాలి.

మీ కార్ట్రిడ్జ్ నంబర్లు రెండూ ఇక్కడ పెట్టండి, లోడింగ్ ఎంతో చెప్తాను.