ఐదేళ్ల పాపకి అంకెలు నేర్పే ఆట ఏది కొనాలి?

కొనొద్దు. మాది కందుకూరు దగ్గర పల్లె. చిన్న బళ్లో ఒకటో తరగతి చెబుతున్నా, కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతా.

మొదట్లో నేనూ కొన్నా. వంద గళ్ల వైకుంఠపాళి, రంగురంగుల అట్ట. ఒక్కరోజులో తేలిపోయింది. కింది వరుస ఎడమ నుంచి కుడికి, పై వరుస కుడి నుంచి ఎడమకి పోతుంది కదా, పది దాటగానే పిల్లకాయలంతా మళ్లీ ఎడమవైపుకే పరిగెత్తారు. తప్పు వాళ్లది కాదు. చదవడం ఎడమ నుంచి అని నేర్పింది మనమే.

దాంతో వరండాలో సుద్దతో వరసగా పది గళ్లు గీశా. నాలుగు చింతగింజల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా అరగదీశా. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు పిల్లలే నడవాలి. నాలుగూ నల్లగా పడితే సున్నా, ఉన్నచోటే నిలబడాలి. సున్నా ఎంత తేలిగ్గా నేర్పేస్తున్నానో అని లోపల మురిసిపోయా.

మూడో గడిలో ఉన్న బుడ్డోడికి నాలుగూ నల్లగానే పడ్డాయి. "అష్టా!" అని ఒకటే అరుపు. ఇంట్లో వాళ్ల అవ్వతో అష్టాచెమ్మా ఆడతాడంట, అందులో అది ఎనిమిది. నేను కాదన్నా వింటేగా! ఎనిమిది గళ్లు లెక్కపెట్టుకుంటూ దూకాడు. పది అయిపోయింది, ఇంకో అడుగు మిగిలింది. గీత అవతల నిలబడి, "టీచర్, ఇక్కడ గడి గీయలేదేంది?" అన్నాడు.

గీశా. అందులో ఏం రాయాలో తేల్చుకోవడానికి అంతా కొట్టుకున్నారు. సున్నా సంగతి ఆ రోజుకి గోవిందా.

యాప్‌లో ఇదెక్కడ కుదురుతుంది? తప్పు నొక్కితే కుయ్యిమంటుంది, ఒప్పు నొక్కితే బెలూన్లు. పిల్లలు బెలూన్ల కోసం అన్నీ నొక్కేస్తారు.  పలకలకి పేరున్న మార్కాపురం మన వైపే ఉంటే మనం ట్యాబ్‌లు కొంటున్నాం, ఏం చెప్పాలి.

మీ పాపకి ఐదు గళ్లతో, రెండు గింజలతో మొదలుపెట్టండి. తనే ఇంకో గడి కావాలని అడిగితే గీయండి. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. మా మేనల్లుడు రెండేళ్లప్పుడు ఒకటి ముక్కులో పెట్టుకుంటే అర్ధరాత్రి ఆటోలో కావలి పరిగెత్తాం.